ఇతర ఖర్చులు

ఆటకి మా చిట్టాలో పద్దు లేదు.
గోతాలకుంది, తవుడికుంది, ఇంజను ఆయిలుకుంది,
ఇనస్పెక్టరు తాగిన కాఫీకి కూడా ఉంది.
అందుకని గెడ్డం సంపదరావు జీతం
'ఇతర ఖర్చులు' కింద రాసేవాణ్ణి.
మేచికి అయిదు రూపాయలు.
గెలిస్తే మరో రెండు.
ఓడితే టీ.

ఆడినందుకు డబ్బిస్తారంటే
మండపేటలో అప్పట్లో నవ్వేవారు.
"మావాడు పొద్దస్తమానం ఊరికే ఆడుతున్నాడు, వాడికీ ఇప్పించండి" అని
ఒకావిడ మిల్లు గుమ్మం దాకా వచ్చింది.
మా షావుకారు మద్రాసులో చూసొచ్చాడు బాస్కెట్‌బాల్.
వచ్చిన వారానికే కమ్మరిచేత
బండిచక్రం పట్టా సాగగొట్టించి రింగు చేయించాడు.
వల భైరవపాలెం నుంచి వచ్చింది.
ఉప్పుడు ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం,
నాలుగింటికి ధాన్యం ఎత్తేసి
ఊకబూడిదతో గీతలు గీస్తే కోర్టు.
పగటి ఎండ ఇంకా అరికాళ్లలోకి ఎక్కుతూ ఉండేది.

సంపదరావుది కుడివైపు ఫార్వర్డు.
మిషను బళ్లో గంట కొట్టడానికి
వాడికి తాడు అక్కర్లేదనేవారు, అంత పొడుగు.
నేను చూసింది వేరే.
బంతి చేతికొచ్చాక ఒక్క క్షణం ఆగేవాడు.
చేపకోసం కొంగ ఆగినట్టు అందామంటే
కొంగకి ఆకలుంటుంది.
వాడు కాటా దగ్గర మనిషిలా ఆగేవాడు,
ముల్లు నడిమికి వచ్చేదాకా.
ఆ తరవాత మోచెయ్యి, మణికట్టు, వేళ్లు,
వేళ్లలో ఆఖరిది.
బంతి వల్లోంచి దిగితే
కుట్టు తెగిన గోతాంలోంచి వడ్లు జారిన చప్పుడు.

పడవల మీద వెళ్లేవాళ్లం.
ద్రాక్షారం, ముమ్మిడివరం, కోటిపల్లి రేవు దాటి ఇంకా కిందికి.
బంతి ఒకటే, అందరి చేతులూ దానిమీదే.
ఆట అయ్యాక విస్తళ్లు వేస్తే
"నాకు ఆకల్లేదండి" అని
సంపదరావు పడవలోనే ఉండిపోయేవాడు.
నాలుగేళ్లు వాడికి ఆకల్లేదు.
అది నేనే చిట్టాలోనూ రాయలేదు.

యాభై తొమ్మిది, మాఘమాసం, రామచంద్రపురం వాళ్లతో.
ఒక్క పాయింటు తక్కువలో ఉన్నాం.
మిల్లు కూతే మాకు గడియారం.
కూత మొదలైనప్పుడు బంతి వాడి చేతిలో లేదు,
రింగులోనూ లేదు.
కూత ఆగేసరికి వల ఊగుతోంది,
వాడు కింద పడున్నాడు.
కాలికింద నాలుగు గింజలు,
ఊడ్చినవాళ్లు వదిలేసిన నాలుగే గింజలు,
మోకాలు పక్కకి తిరిగిపోయింది.
అందరూ నావంక చూశారు, స్కోరు పుస్తకం నాది కదా.
నేను షావుకారు వంక చూశాను.
అవతలి మిల్లాయన ఆయనకి వియ్యంకుడు కాబోతున్నాడు.
సున్నా చుట్టాను.

దాళవా కోతలనాటికి
అదే పేరు హమాలీ ఖాతాలో రాశాను.
బస్తాకి మూడు నయాపైసలు.
కుంటుతూనే నెట్టు పైవరసకి బస్తా అందించేటప్పుడు
ఒక్క క్షణం ఆగేవాడట.
అటువైపు నేను తలెత్తేవాణ్ణి కాదు.

మిల్లు మూసేసి, ఇద్దరికీ పళ్లూడాక
రెండు రూపాయలు పట్టుకుని వాళ్లింటికెళ్లాను.
పాత నోటే, ఎక్కడ దొరికిందో అడక్కండి.
"రామచంద్రపురం మేచి బాకీ" అన్నాను.
"ఏ మేచండీ?"
చెప్పాను. కూత, గింజలు, వల, సున్నా.
వేళ్లు నొక్కుకుంటూ విన్నాడు.
"అదేం గుర్తులేదండి.
యానాం గుర్తుందండి, ఆయ్.
చిత్తుగా ఓడిపోయాం కదండీ.
వాళ్లు అందర్నీ ఒకే వరసలో కూచోబెట్టారండి,
మీ పక్క విస్తరి నాది.
పండుగొప్ప పులుసు.
మూడుసార్లు అడిగి వేయించుకున్నానండి."

నాకు యానాం గుర్తులేదు.
మంచంమీద నోటు
ఫాను గాలికి ఓ మూల లేస్తోంది.
సంపదరావుగారు దానిమీద మందుసీసా పెట్టారు,
ఎగిరిపోకుండా,
తీసుకున్నట్టో లేదో చెప్పకుండా.